అద్దె ఇంటి పిల్లలకు అడ్రసు ప్రూఫ్ అడ్డం కాకూడదు



విజయవాడ పటమటలో పధ్నాలుగేళ్లుగా జిరాక్స్, డీటీపీ దుకాణం నడుపుతున్నాను. బడులు తెరిచే జూన్ వచ్చిందంటే నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది పిల్లల తల్లిదండ్రులే. ఆధార్, బర్త్ సర్టిఫికెట్, రేషన్ కార్డు జిరాక్సులు తీయించుకుని వెళ్లిపోతారు. ఇబ్బందల్లా ఈమధ్యే ఇల్లు మారినవాళ్లకు. "ఇప్పుడున్న ఇంటికి అడ్రసు ప్రూఫ్ తెమ్మన్నారండీ" అంటూ గుమ్మంలో నిలబడతారు. ఆ ప్రూఫ్ వాళ్ల దగ్గర ఉండదు. ఎక్కడ పుట్టించుకోవాలో తెలియదు.

పోయిన జూన్‌లో ఒకమ్మ వచ్చింది. భర్తది తాపీ పని. శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వచ్చి ఇక్కడే కాపురం ఉంటున్నారు. ఆధార్ కార్డుల్లో ఇప్పటికీ ఊరి అడ్రసే. విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ కింద ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్లలో ఒకటో తరగతికి పాప పేరున దరఖాస్తు పెట్టుకున్నారు. అప్పుడున్న ఇంటి అగ్రిమెంటు జతచేశారు. లాటరీలో పేరొచ్చింది. ఈలోపు ఓనరుగారి కొడుక్కి పెళ్లి కుదిరి, పోర్షన్ ఖాళీ చేయమన్నారు. సామాను రిక్షాలో వేసుకుని మూడు వీధుల అవతలికి మారారు.

బడిలో కాగితాలు చూసేటప్పుడు "ఇప్పుడూ ఇదే ఇంట్లో ఉంటున్నారా?" అని అడిగారట. లేదండీ, మారాం అని ఉన్నమాట చెప్పింది. చెప్పినందుకే చిక్కొచ్చింది. కొత్త ఇంటికి రుజువు తెమ్మన్నారు. కొత్త ఓనరు అగ్రిమెంటు రాయనన్నాడు. కరెంటు బిల్లు తీసుకెళ్తే దానిమీద ఓనరుగారి తండ్రి పేరుంది. ఆయన కాలం చేసి ఏళ్లయింది, మీటరు మాత్రం ఆయన పేరునే నడుస్తోంది. "ఈయన మీకేమవుతాడు?" అని బడివాళ్లు. గ్యాసు బుక్కు ఊళ్లో అత్తగారి పేరు మీద ఉంది. పోనీ ఆధార్‌లో అడ్రసు మార్పిద్దామంటే, దానికీ ముందు అడ్రసు ప్రూఫే కావాలి.

బియ్యం సంచిలో పెట్టుకొచ్చిన కాగితాలన్నీ నా కౌంటరు మీద పరిచి, "అన్నయ్యా, నువ్వే ఒక అగ్రిమెంటు కొట్టివ్వు, ఓనరు సంతకం ఎవరిచేతనైనా పెట్టించుకుంటా" అంది. పాప ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది, కాళ్లకు అప్పటికే కొత్త బూట్లు. నేను కొట్టివ్వలేదు. తప్పుడు కాగితం తయారు చేయకూడదని నా నియమం. కానీ ఆమె రాయమన్న అడ్రసు అక్షరాలా నిజం. ఆ ఇల్లు నాకు తెలుసు. పాత ఇంటికన్నా ఆ బడికి అదే దగ్గర. వారం తిరిగేసరికి గడువు దాటింది, సీటు పోయింది. పాప ఇప్పుడు మున్సిపల్ స్కూల్లో చదువుతోంది. అక్కడి టీచర్లు చేరదీసి కూర్చోబెట్టుకున్నారు, ఆ బడిని తక్కువ చేయను. అయినా న్యాయంగా వచ్చిన సీటు పోయిందన్న మాట ఉండనే ఉంది.

ఈ కాగితాలు తయారయ్యే చోట కూర్చున్నవాణ్ని కాబట్టి ఒక సంగతి చెప్పగలను. అద్దె అగ్రిమెంటు అంటే ఏమిటి? వంద రూపాయల స్టాంపు పేపరు మీద పాత ఫైలు తెరిచి, పేర్లూ డోర్ నంబరూ మార్చి ప్రింటు తీయడం. పది నిమిషాల పని. అందరూ అలవాటుగా పదకొండు నెలలకే రాయిస్తారు. రిజిస్టర్ చేయించే కుటుంబం వందలో ఒకటి కూడా నా కంటపడలేదు. నేను కాదంటే పక్క వీధిలో ఇంకొకడు కొట్టిస్తాడు. అంటే నాలుగు రాళ్లు పారేసి అబద్ధం ఆడదలచినవాడికి ఈ కాగితం అడ్డమే కాదు. నిజం చెప్పి, ఓనరు కాళ్లావేళ్లా పడి, రెండు రోజుల కూలి పోగొట్టుకున్న తల్లికే అది గోడ అవుతోంది.

తనిఖీ అసలు వద్దని నేననడం లేదు. మన రాష్ట్రంలో ఈ సీట్లకు ఇంటికీ బడికీ ఉన్న దూరమే ముఖ్యం. మొదట కిలోమీటరు లోపు పిల్లలకు, ఆ తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్లకు అవకాశం. ఎక్కడో ఉంటూ బడి పక్క సందు అడ్రసు చూపించేవాడు ఇంకో పేద పిల్ల నోటి కాడ ముద్ద లాక్కున్నట్టే. పేరున్న బడుల దగ్గర ఈ పని చేసేవాళ్లు ఉన్నారు కూడా. బడి యాజమాన్యాలకు ఆ భయం ఉండటంలో తప్పులేదు. అయితే ఆ మోసాన్ని పట్టుకోవాలంటే ఎవరో ఒకరు ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లాలి.

2009 నాటి విద్యాహక్కు చట్టం చేసినవాళ్లు పేదవాడి దగ్గర కాగితాలు ఉండవని ఎరిగినవాళ్లే. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. టీసీ తేవడం ఆలస్యమైందని చేరికను ఆపకూడదని 5వ సెక్షన్ అంటోంది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదేనని 9వ సెక్షన్‌లో ఉంది. పిల్లలకు ఆధార్ లేదని బడి ప్రవేశం నిరాకరించకూడదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇంటి అడ్రసు దగ్గరికి వచ్చేసరికి అంత సూటి మాట చట్టంలో లేదు. ఆ లోటులోనే తాపీ మేస్త్రి కూతురి సీటు జారిపోయింది. ప్రభుత్వం అడ్రసుకు ఒప్పుకునే కాగితాల్లో ఓటరు కార్డు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఉపాధి హామీ జాబ్ కార్డు, రెంటల్ అగ్రిమెంటు లాంటివి ఉన్నాయి. జాబితా పెద్దదే. నిన్నగాక మొన్న ఇల్లు మారిన అద్దెవాళ్ల దగ్గర వాటిలో తమ పేరుతో, కొత్త అడ్రసుతో ఉండగలిగింది ఒక్క అగ్రిమెంటే. అది ఇవ్వాలా వద్దా అన్నది ఇంటి ఓనరు ఇష్టం.

గుమ్మం దాకా వెళ్లి చూడటం అయ్యే పనేనా అంటారేమో. అవుతుంది. నా కళ్లారా చూశాను. మేం అప్పట్లో సింగ్‌నగర్‌లో కింది పోర్షన్‌లో ఉండేవాళ్లం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. బీరువా అడుగు అరలోని ఫైలు నాలుగు రోజులు నీళ్లలో నానింది. తీసి ఫ్యాను కింద ఆరబెడితే లామినేషన్ చేయించిన ఆధార్ కార్డులు దక్కాయి. అగ్రిమెంటు మీద లేజర్ ప్రింటు అక్షరాలు నిలిచాయి కానీ, సంతకాలూ నోటరీ ముద్రా కరిగి నీలం మరకగా మిగిలాయి. ఆ కాగితం చూపిస్తే ఎవరొప్పుకుంటారు? అయినా ఆ నెలలోనే ప్రభుత్వ సిబ్బంది మా వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఎవరుంటున్నారో అడిగి రాసుకున్నారు. అద్దెకున్నవాళ్లనూ రాసుకున్నారు. కొందరి పేర్లు తప్పిపోతే మళ్లీ వచ్చారు. ఆ లెక్కతోనే కింది అంతస్తుల వాళ్లకు 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 రూపాయల సాయం ప్రకటించి ఇచ్చారు. బురద ఇంకా ఆరని వీధుల్లో చేయగలిగిన పని, ఎండాకాలం సెలవుల్లో చేయలేమా?

నేను కోరేది ఇది. అడ్రసు కాగితం లేదన్న కారణంతో ఏ బడీ చేరికను ఆపకూడదని పాఠశాల విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. తల్లో తండ్రో తెల్లకాగితం మీద "మేం ఫలానా ఇంట్లో ఉంటున్నాం" అని రాసి సంతకమో వేలిముద్రో వేసి ఇస్తే పిల్లను తరగతిలో కూర్చోబెట్టాలి. ఆ కాగితం వార్డు సచివాలయానికి వెళ్లాలి. అక్కడ విద్య పనులు చూసే ఉద్యోగి వారంలోపు ఆ ఇంటికి వెళ్లి చూసి, ఉన్నదున్నట్టు రాసివ్వాలి. అబద్ధమని తేలితే సీటు వరసలో తర్వాతి పిల్లకు ఇవ్వాలి. దరఖాస్తు పెట్టిన తర్వాత ఇల్లు మారిన కుటుంబానికి కొత్త ఇల్లు కూడా బడికి నిర్ణయించిన దూరం లోపలే ఉంటే కొత్త రుజువు అడగనే కూడదు. ఇందులో ప్రభుత్వానికి కొత్తగా అయ్యే ఖర్చు లేదు. ఉద్యోగులున్నారు, సచివాలయాలున్నాయి, ఇళ్ల వివరాలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇంటి ఓనర్లకూ ఒక మాట. అగ్రిమెంటు రాస్తే రేపు ఖాళీ చేయరనీ, పన్నువాళ్లు వస్తారనీ మీ భయాలు నాకు తెలుసు, రోజూ వింటూనే ఉంటాను. అగ్రిమెంటు ఇవ్వకపోతే పోనీ. "ఈ కుటుంబం మా ఇంట్లో అద్దెకుంటోంది" అని ఒక్క వాక్యం రాసి సంతకం చేసివ్వండి. మీరు అడ్వాన్సు తీసుకున్నారు, నెలనెలా అద్దె తీసుకుంటున్నారు. వాళ్ల పిల్ల మీ అరుగు మీదే ఆడుకుంటోంది. బడికి ఇవ్వాల్సిన ఉత్తరం అయితే నా దుకాణంలో డబ్బు తీసుకోకుండా టైపు చేసిస్తాను.

వచ్చే విద్యా సంవత్సరం దరఖాస్తుల ప్రకటన వెలువడేలోగా ఆ ఉత్తర్వు రావాలని, ఈ లేఖ అధికారుల కంటపడేలా ప్రచురించాలని సంపాదకులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ దుకాణదారు,
పటమట, విజయవాడ.