రవ్వల దుద్దులు కొనబోతున్నారా?

పోయిన నెల ఒంగోలు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి ఏడురాళ్ళ దుద్దులు కొనాలట. "బంగారమైతే తూకం చూసుకుంటాం, ముద్ర చూసుకుంటాం. రవ్వలు మంచివో కావో మనలాంటి వాళ్ళకి ఎలా తెలుస్తుంది వదినా?" అని అడిగారు. ఆ ఉత్తరం చదవగానే మా అమ్మ దుద్దులు గుర్తొచ్చాయి నాకు.

అవి మా నాయనమ్మ చేయించి కోడలికి పెట్టినవి. నాలుగేళ్ళ క్రితం అమ్మ "నా కళ్ళముందే పంచేస్తానే" అని, దుద్దులు నాకూ, గొలుసు మా చెల్లెలికీ అంది. ఎవరికీ ఎక్కువ తక్కువలు రాకూడదని ఖరీదు కట్టించుకు రమ్మని నన్నే పంపింది. కొట్లో అబ్బాయి పెన్నులాంటి చిన్న మిషను తీసి ఒక్కో రాయి మీదా ఆనించాడు. వజ్రమైతే కుయ్‌మంటుందట. రెండు చోట్ల పలకలేదు. తుడిచి మళ్ళీ పెట్టాడు. ఊహూఁ. పద్నాలుగింటిలో రెండు వజ్రాలే కావండీ, అమెరికన్ డైమండ్లు!

ఎవరు మార్చారో ఎవర్ని అడుగుతాం? రాయి కదిలిందని ఒకసారి, మెరుగు పెట్టమని రెండుసార్లు ఇచ్చాం. ఎన్నేళ్ళ కిందటి మాటో. పాత కట్టడం కదా, వెనక రేకుతో మూసేసి ఉంటుంది. రాయి పైభాగం తప్ప ఇంకేమీ కనపడదు. అమ్మ వాటిని పెట్టుకుని ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళిందో.

అందుకే నా మొదటి మాట, వెనక తెరిచి ఉన్న కట్టడమే అడగండి. మూసి కట్టినవి ముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ రేకు మెరుపు రాయికి తోడై పసుపు వన్నె రాయి కూడా తెల్లగా కనిపిస్తుంది. తెరిచి ఉంటే వెనకా ముందూ చూసుకోవచ్చు, కడుక్కోవచ్చు.

రెండోది వెలుతురు. నగల కొట్లో దీపాల కింద గాజుపెంకు కూడా తళుక్కుమంటుంది. మొహమాటపడకుండా "ఒకసారి గుమ్మం దగ్గర చూస్తానండీ" అనండి. నీడపట్టున, పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి చూడాలి. విడిరాయైతే బోర్లించి పక్కనుంచి చూడండి, వన్నె అప్పుడు తెలుస్తుంది. వన్నెకి ఇంగ్లీషు అక్షరాల్లో గుర్తులుంటాయి. డి అన్నది అన్నిటికన్నా తెలుపు, అక్కణ్ణించి జడ్ దాకా పసుపు పెరుగుతూ పోతుంది. ఏ, బీ, సీ అన్నవి లేనే లేవు, ఎవరైనా "ఏ వన్ వన్నె" అంటే నవ్వి ఊరుకోండి. పచ్చటి బంగారంలో పొదిగే చిన్న రవ్వలకి జి, హెచ్ చాలు. పక్కన బంగారం పచ్చదనం ఉండగా ఆ కాస్త తేడా కంటికి ఆనదు.

దోషాల సంగతికొస్తే, మన పెద్దవాళ్ళు బిందువనీ, రేఖ అనీ, కాకిపాదమనీ చెప్పేవాళ్ళు కదా, ఇప్పుడు వాటినే పదిరెట్లు పెద్దది చేసి చూపే అద్దంతో చూసి వీవీఎస్, వీఎస్, ఎస్ఐ అని తరగతులు కట్టారు. మన వైపు కొట్లలో వీవీఎస్ అనేది మంత్రంలా వల్లిస్తారు. నన్నడిగితే పది సెంట్ల రాయికి వీఎస్ భేషుగ్గా సరిపోతుంది, ఆ రెండింటికీ తేడా మామూలు కంటికి తెలియనే తెలియదు. నల్లమచ్చ ఉన్నది మాత్రం వద్దు, ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. అంచు దాకా పాకిన పగులున్నదీ వద్దు, అది శాస్త్రం కోసం కాదు, తగిలితే అక్కడే పెచ్చు లేస్తుంది.

నేను ఎక్కువగా చూసేది సాన. రాయికి ప్రాణం అక్కడే ఉంది. గుండ్రటి రవ్వకి యాభై ఏడో యాభై ఎనిమిదో పట్టీలుంటాయి. అవి సరైన కోణంలో ఉంటే పైనుంచి పడ్డ వెలుతురు లోపల తిరిగి మళ్ళీ పైకే వస్తుంది. లోతు తగ్గినా పెరిగినా అడుగునుంచీ పక్కనుంచీ జారిపోతుంది, మధ్యలో చేపకన్నులానో, నల్లటి గుంటలానో కనిపిస్తుంది. దుద్దుల్ని అటూ ఇటూ మెల్లగా కదిపి చూడండి. ఏడురాళ్ళూ ఒక్కలా వెలగాలి. ఒకటి వెలిగి ఒకటి మొద్దుగా ఉంటే మార్చమనండి. వన్నె కాస్త తక్కువైనా ఫరవాలేదు గానీ సాన సరిగా లేని రాయి మొహం వాడిపోయినట్టే ఉంటుంది.

ఇక లెక్కలు. బంగారానికి క్యారెట్టంటే స్వచ్ఛత, వజ్రానికి క్యారెట్టంటే బరువు. ఒక క్యారెట్టు 200 మిల్లీగ్రాములు, అందులో నూరోవంతు సెంటు. పది సెంట్ల రాళ్ళు పద్నాలుగైతే మొత్తం 1.40 క్యారెట్లు, అంటే 0.28 గ్రాము. ఆ 0.28ని నగ మొత్తం బరువులోంచి తీసేశాకే బంగారం ధర కట్టాలి. రాళ్ళకి రాళ్ళ ధరా తీసుకుని, ఆ బరువుకి మళ్ళీ బంగారం ధరా వేస్తే ఒప్పుకోకండి. ఇంకో చిక్కుంది. "క్యారెట్టున్నర వజ్రాలమ్మా" అంటే మనం మురిసిపోతాం. కానీ పది సెంట్ల రాళ్ళు పద్నాలుగు వేరు, ఒకే పెద్దరాయి వేరు. రాయి పెద్దదైనకొద్దీ క్యారెట్టు ధర కూడా పెరుగుతుంది. ఒక్కో రాయి ఎన్ని సెంట్లో అడిగి, ఆ సైజుకి క్యారెట్టు ధర ఎంతో నాలుగు కొట్లలో కనుక్కోండి.

నకిలీల గురించి ఇంటింటా ఒక చిట్కా ఉంది. ఊపిరి ఊదితే ఆవిరి వెంటనే పోవాలనీ, పేపరు మీద బోర్లిస్తే అక్షరాలు కనపడకూడదనీ. గాజుని పట్టుకోవడానికి పనికొస్తాయి, అంతే. మాయిసనైట్ అనే రాయి ఈ రెండింట్లోనూ నెగ్గేస్తుంది, వేడిని బట్టి పనిచేసే ఆ కుయ్ కుయ్ మిషన్ని కూడా మోసం చేస్తుంది. దాన్ని పట్టే మిషను వేరే ఉంది, రెండూ పెట్టమనండి. సుత్తితో కొడితే పగలకూడదని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి తల్లీ! వజ్రాన్ని ఇంకో వస్తువు గీకలేదు గానీ, సుత్తి దెబ్బకి ముక్కలవుతుంది.

మరి ఫ్యాక్టరీలో తయారుచేసిన వజ్రాలో? అవి నకిలీలు కావు, అచ్చం వజ్రాలే. కంటికీ తెలియదు, ఈ చిన్న మిషన్లకీ తెలియదు. ధర మాత్రం గనిలో దొరికిన వాటికన్నా చాలా తక్కువ, తిరిగి అమ్మబోతే వచ్చేది ఇంకా తక్కువ. సరదాకి కొనుక్కుంటే తప్పులేదు. గని ధర పెట్టి వాటిని తెచ్చుకుంటేనే మోసపోయినట్టు. కాబట్టి జీఐఏ, ఐజీఐ లాంటి పరీక్షశాలల సర్టిఫికెట్టు అడగండి, అందులో సహజమైనదో తయారుచేసినదో రాసి ఉంటుంది. ఆ నంబరు వాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టి, మన నగ వివరాలు వస్తున్నాయో లేదో ఇంట్లో పిల్లల చేత చూపించుకోండి. బిల్లులో రాళ్ళ సంఖ్య, బరువు, వన్నె, తరగతి, బంగారం నికర బరువు, మజూరీ అన్నీ విడివిడిగా ఉండాలి. తిరిగి ఇస్తే ఎంత కోసుకుంటారో కూడా రాయించుకోండి, నోటిమాట వద్దు.

కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు దేశదేశాలకి వెళ్ళాయి. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే ఇప్పటికీ జనం వంగి వెతుకుతుంటారు. అంతటి నేలమీద పుట్టి కూడా మనం కొట్టువాడి మొహం చూసి కొంటున్నాం.

కొన్నాక సంగతి ఒకటుంది. వజ్రానికి జిడ్డంటే మహా ప్రీతి. తలంటు నూనె, పసుపు, సున్నిపిండి అన్నీ వెనక చేరి మెరుపు చంపేస్తాయి. గోరువెచ్చటి సబ్బునీళ్ళలో నానేసి మెత్తటి బ్రష్షుతో తోమండి, చాలు. బిగింపుకి ఇవ్వాల్సివస్తే ముందు తూకం వేయించండి, సెల్‌ఫోనులో దగ్గరగా ఫొటోలు తీసుకోండి, పని అయ్యేదాకా ఎదురుగా కూర్చోండి. తెచ్చేముందు మిషను పెట్టించండి.

అమ్మ దుద్దులకి ఆ రెండు రాళ్ళూ చీటీ డబ్బుల్తో మంచివి వేయించాను. మా చెల్లెలికి చెప్పాను, అమ్మకి చెప్పలేదు. "ఎంత కట్టారే?" అంటే గొలుసుతో సమానంగానే వచ్చిందన్నాను. "నేను చెప్పలా!" అంది.