గొంగళి పురుగు తెలుసు, మరి గొంగడి?

మన పిల్లలందరికీ గొంగళి పురుగు తెలుసు. దానికి ఆ పేరు దేన్ని చూసి పెట్టారో అడిగి చూడండి, చాలామంది చెప్పలేరు. నల్ల గొర్రె ఉన్నితో నేసిన, నూగునూగుగా వెంట్రుకలు తేలే గొంగడి వాళ్ళు చూసి ఉంటే కదా!

ఇప్పుడు మన ఇళ్ళల్లో సూదితో ఉన్ని వస్తువులు చేయడం ఒక సరదా అయింది. తాళంచెవుల గుత్తికి పిట్ట, జడ క్లిప్పుకి పువ్వు, సంచికి కుచ్చు. నీడిల్ ఫెల్టింగ్ అంటారు. సూది అంచుల మీద సన్నటి గాట్లు ఉంటాయి. ఉన్ని ఉండలో పదేపదే పొడుస్తుంటే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గట్టిపడతాయి. కుట్టు లేదు, జిగురు లేదు. ఫోను పక్కన పెట్టి గంటసేపు కూర్చోబెట్టే ఏ పనైనా మాకు ఇష్టమే. మా పేచీ అంతా ఉన్నితోనే.

ఆన్‌లైన్‌లో తెప్పించే కిట్లలో తరచుగా వచ్చేది మెరినో ఉన్ని, లేకపోతే ఉన్ని పేరుతో అక్రిలిక్. ఇక్కడ నాయ్‌గావ్ చుట్టుపక్కలేమో ధన్‌గర్ల మందలు తిరిగే నేల. దక్కనీ గొర్రె మహారాష్ట్ర, తెలంగాణ, కర్ణాటక మూడింటిదీ. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. చాలాచోట్ల ఆ ఉన్నికి కత్తిరింపు కూలి కూడా రావడం లేదు, పారబోస్తున్నారు. అందుకే ఉన్ని లేని, మాంసానికి పనికొచ్చే నెల్లూరు జాతి వైపు కాపరులు మళ్ళుతున్నారు. ఉన్ని గొర్రె పోతే గొంగడి నేసే మగ్గమూ పోతుంది.

ఆ గొంగడి చిన్న పని కాదు. ఉన్ని ఏకాలి, వడకాలి, పడుగుకి చింతగింజల గంజి పెట్టాలి, గుంట మగ్గం మీద నేయాలి. వానలో కాపరి దాన్నే కొప్పెర వేసుకుంటాడు. రాత్రి దాన్నే పరుచుకుంటాడు.

మా బడి చదువు కన్నడంలో. అక్కడ అది కంబళి. ఇంట్లో గొంగడి, ఇక్కడి మరాఠీలో ఘోంగడీ. కాపరుల దేవుడూ అంతే: తెలంగాణలో మల్లన్న, కర్ణాటకలో మైలారుడు, మన నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతరలో ఖండోబా. 1956 దాకా నాందేడ్, బీదర్, నిజామాబాద్ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. గీతలు తర్వాత మారాయి, మందలు నడిచే దారి పాతదే. సరిహద్దు అవతల పెరుగుతున్న మన పిల్లలకి వారసత్వం చూపించాలంటే ఇంతకన్నా దగ్గరి వస్తువు ఏముంది?

'ఆ ఉన్ని ముతక, గుచ్చుకుంటుంది' అంటారు. నిజమే. కాబట్టి మెడకీ చెవులకీ ఒద్దు. గుత్తికి, సంచికి, జడ క్లిప్పు పైభాగానికి వాడుకోవచ్చు. దక్కనీ ఉన్ని తీసుకుని మెరినో మెత్తదనం వెతకడం, గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరడమే.

'గుత్తికి కట్టే పిట్టతో గొర్రె బతుకుతుందా?' అనీ అడుగుతారు. బతకదు. పిట్టకి పట్టేది కొన్ని గ్రాములు, గొంగడికి కిలోల లెక్క. కానీ ఉన్నిని చేత్తో కడిగి ఏకిన పిల్ల, రేపు గొంగడి ధర విని 'ఇంతా?' అనదు. మనం ఆశించాల్సింది అదే.

చేయడం కష్టం కాదు. కాపరి దగ్గరే ఉన్ని కొనండి. పారేసేదే కదా అని ఊరికే అడగొద్దు, డబ్బులిచ్చి తీసుకోండి. కుంకుడు రసం కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టండి. రుద్దితే అట్ట కడుతుంది, కాబట్టి మెల్లగా ముంచి తీయండి. నీడన ఆరబెట్టి, ఏకి, ఉండ చేసి, స్పాంజి మీద పెట్టి పొడవండి. సూది నిటారుగా దిగాలి, నిటారుగా రావాలి, వంగితే విరుగుతుంది. చిన్నపిల్లల చేతికి సూది ఇవ్వకండి. వేడి తగ్గిన సబ్బు నీళ్ళలో ఉన్నిని అరచేతుల మధ్య దొర్లిస్తే వాళ్ళకీ గట్టి ఉండ తయారవుతుంది.

రంగు కూడా వేయొద్దంటాం మేము. ఆ నలుపే దాని ఊరి పేరు. ఎవరైనా 'ఇదేం ఉన్ని?' అని అడిగితే, పిల్లలు మూడు భాషల్లో మూడు పేర్లూ చెప్పగలగాలి.