తాకకుండా తీస్తేనే ఆ ఫొటోకి విలువ

పాము తోక పట్టుకుని రీల్ చేస్తే తెల్లారేసరికి వేల లైకులు రావొచ్చు. ఉద్యోగం మాత్రం రాదు. పాములు, బల్లులు, సాలీళ్ల ఫొటోగ్రఫీని కెరియర్‌గా మలచుకోవాలనుకునే విద్యార్థులు ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఈ రంగంలో మీ మీద నమ్మకం పెంచేది కెమెరా ఖరీదు కాదు, ధైర్యం అసలే కాదు. జీవిని దాని చోటులోనే, కదిలించకుండా తీసిన ఫొటో, దాని పక్కన మీరు రాసుకున్న నాలుగు ముక్కలు.

మన గుత్తి సాలీడు సంగతే చూడండి. నీలం రంగులో మెరిసే ఈ టరాంటులాను 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశారు. నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. పేరు గుత్తిదే గానీ దాని ఇల్లు అక్కడ కాదు. కలపతోపాటు రైల్లో వచ్చి ఉంటుందని నిపుణుల అభిప్రాయం. అది మళ్లీ కనిపించింది 2001లో, నంద్యాల - గిద్దలూరు మధ్య అడవిలో. జీవి చేతికి చిక్కినా, అది ఎక్కడ బతుకుతుందో తెలియకపోతే వందేళ్లు వెతకాల్సి వచ్చింది!

ఫొటోకీ ఇదే వర్తిస్తుంది. తిరుమల కొండల్లో రాతి పగుళ్లలో ఉండే బంగారు బల్లిని పట్టి తెచ్చి పచ్చటి ఆకు మీద కూర్చోబెడితే బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ అబద్ధం చెబుతుంది. ఆ పగులు, రాతికి అంటుకున్న గుడ్లు, అది బయటికొచ్చిన వేళ... అసలు సమాచారం అదే కదా! కదలకుండా ఉండాలని జీవుల్ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచేవాళ్లూ ఉన్నారు. అది ఫొటోగ్రఫీ కాదు, హింస.

పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తన జాబితాల్లోని జంతువుని పట్టుకోవడాన్ని కూడా వేటగానే చూస్తుంది. అభయారణ్యంలో ఫొటోలు తీయాలంటే అనుమతి తీసుకోవాలి. రేపు అటవీశాఖలో ఉద్యోగం కోరుకునే మీ మీద ఆ శాఖే కేసు పెడితే ఎలా?

‘దూరం నుంచి తీస్తే పోటీలో నిలబడగలమా?’ అంటారేమో. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకి దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర... ఏదైనా సరే, రెండు మీటర్లకన్నా దగ్గరికి వెళ్లొద్దు. వాటికి టెలిఫొటో లెన్స్ వాడండి. మాక్రో లెన్స్ సాలీళ్లకి ఉంచుకోండి. కొనే స్తోమత లేకపోతే ఫోన్‌కి తగిలించే చిన్న మాక్రో లెన్స్‌తో మొదలుపెట్టొచ్చు. సాలీడునైతే పైనుంచి ఒకటి, ముఖం వైపు నుంచి ఒకటి, గూడుతో కలిపి ఒకటి తీయండి. కళ్ల అమరిక కనిపిస్తే గుర్తుపట్టడం తేలిక.

ఇక డబ్బు సంగతి. ఫొటోలు అమ్ముకుని మాత్రమే బతికేవాళ్లు కొద్దిమందే. అందుకే డిగ్రీని వదలొద్దు. జువాలజీ, బోటనీ చదివేవాళ్లు దేహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ ఎమ్మెస్సీ కోర్సుల గురించి తెలుసుకోండి. ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా, ఫీల్డ్ బయాలజిస్ట్‌గా చేరాలన్నా తేదీ, చోటు, వేళ, ప్రవర్తన రాసిపెట్టిన యాభై ఫొటోలు మీ రెజ్యుమెకి బలం. ఈ పని మీకు చేతనవుతుందని చెప్పే రుజువు అవే.

ఒక జాగ్రత్త. చోటు రాసుకోవాలి కానీ అందరికీ చాటకూడదు. గుత్తి సాలీడు 2008లోనే అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాకెక్కింది. పెంచుకోవడానికి దాన్ని కొనేవాళ్లు విదేశాల్లో ఉన్నారు. మీరు సరదాగా పెట్టిన లొకేషన్ స్మగ్లర్‌కి దారి చూపొచ్చు. పోస్ట్ చేసేముందు ఫొటోలోని జీపీఎస్ వివరాలు తీసేయండి. పరిశోధకులకైతే విడిగా చెప్పండి. ఐనాచురలిస్ట్ వేదిక ప్రమాదంలో ఉన్న జీవుల చోటుని తనంతట తానే కప్పి ఉంచుతుంది.

అడవికి వెళ్లేదాకా ఆగక్కర్లేదు. హాస్టల్ గోడ మీద గెంతే సాలీడుతోనే ఇవాళ మొదలుపెట్టండి. పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోండి. అది తన పని తాను చేసుకుంటున్నప్పుడు నొక్కండి. ఆ ఓపిక అలవాటైతే నల్లమలలోనూ పనికొస్తుంది, ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.