తల్లి ఎక్కడుందని అడక్కండి

కిందటి చలికాలం మా అపార్ట్‌మెంట్‌లో ఏడాదిన్నర పాప బకెట్‌లో వేడినీళ్లు మీద పోసుకుంది. రాడ్ హీటర్ అప్పుడే తీసి గోడకు తగిలించారు. బకెట్ మాత్రం బాత్‌రూమ్ గుమ్మంలోనే ఉంది. కేక విని పరిగెత్తినవాళ్లలో నేనూ ఒకణ్ని. పాపను ఆస్పత్రికి తీసుకెళ్లాక మెట్ల దగ్గర మిగిలినవాళ్లం మాట్లాడుకున్నది ఒకటే: "తల్లి ఏం చేస్తోంది?" ఆమె తువ్వాలు తేవడానికి పక్కగదిలోకి వెళ్లింది. ఆ సంగతి తెలిశాక కూడా తీర్పు మారలేదు. "పిల్లలున్న ఇంట్లో కళ్లల్లో వత్తులు వేసుకుని ఉండాలమ్మా" అంది ఒక పెద్దావిడ. తండ్రి ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. బకెట్ గుమ్మంలో ఎందుకుందనీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఈ కళ్లల్లో వత్తుల వాదంతోనే నా తగాదా. చూసుకునేవాళ్లు ఉన్నారు కదా అన్న ధీమాతోనే మనం బకెట్ జరపం, తలుపుకి పైగడియ పెట్టించం, గీజర్ వేడి తగ్గించం. ఒంట్లో ఓపిక లేని మనిషి మీద కాపలా అంతా వదిలేసి, ఏదైనా జరిగితే ఆ మనిషినే నిలదీస్తాం.

కాసేపు లెక్క చూద్దాం. 60 డిగ్రీల వేడినీళ్లు పెద్దవాళ్ల ఒంటిని లోతుగా కాల్చడానికి అయిదారు సెకన్లు చాలు. పసివాళ్ల చర్మం పలచన, అంతసేపు కూడా పట్టదు. 70 దగ్గర అయితే సెకను చాలు. రాడ్ పెట్టి మరిచిపోయిన బకెట్ 70 దాటడం వింతేమీ కాదు. అదే 50 దగ్గరైతే అంత కాలడానికి నిమిషాలు పడుతుంది. ఇప్పుడు మీరు కూర్చున్నచోటు నుంచి లేచి నాలుగడుగులు వేసి చూడండి, ఎంతసేపు పట్టిందో. ఎదురుగా కూర్చుని రెప్పవేయకుండా చూస్తున్న తల్లి కూడా ఈ పందెంలో ఓడిపోతుంది. మరి ఓడిపోయే పందెం ఆమె చేత ఎందుకు కాయిస్తున్నాం?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఈ చిక్కును 1983లో ఇంకోలా పట్టుకుంది. కొత్తగా బిగించే వాటర్ హీటర్లన్నీ 49 డిగ్రీల దగ్గరే ఉంచాలని చట్టం చేసింది. తల్లులకు ఉపదేశాలతో సరిపెట్టుకోలేదు, మర తిప్పించింది. వేడినీళ్లు పడి ఆస్పత్రి పాలయ్యే పిల్లలు తర్వాతి ఏళ్లలో తగ్గారు. మన ఇళ్లలోని గీజర్లు చాలావాటికి కింద ఒక చిన్న మర ఉంటుంది. కొన్న రోజున మెకానిక్ ఎక్కడ వదిలేస్తే అది అక్కడే ఉంటుంది. దాన్ని 50కి తిప్పడానికి పైసా ఖర్చు లేదు.

"ఒకసారి చురుక్కుమంటే వాడే దూరంగా ఉంటాడు" అనేవాళ్లూ ఉన్నారు. చురుక్కుమనే వేడి వేరు, తోలు ఊడివచ్చే వేడి వేరు. పైగా బకెట్ అంచు పట్టుకుని నిలబడ్డ పిల్ల ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంటే బకెట్ మీదికే వస్తుంది. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది?

అన్నిటికన్నా గట్టిగా వినిపించేది అమ్మమ్మల సాక్ష్యం. "మేం ఆరుగుర్ని పెంచాం, పెరట్లో ఎప్పుడూ బాయిలర్ మండుతూనే ఉండేది, ఎవరికేమైంది?" ఆ రాగి బాయిలర్ నాకూ తెలుసు. నడుమ పొగగొట్టం, కింద కట్టెలు, పైన గరాటు. గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే పక్క గొట్టంలోంచి చెంబెడు వేడినీళ్లు దూకేవి. పిల్లలకు అంతకన్నా మంచి ఆట ఏముంటుంది! మాలో కనీసం ఇద్దరికి ఆ ఆటలోనే కాళ్లు కాలాయి, అమ్మమ్మ లెక్కలో అవి రాలేదు, అంతే. అయినా ఆవిడ వాదంలో ఒక నిజం ఉంది. బాయిలర్ ఇంటికి దూరంగా పెరట్లో ఉండేది, దాని దగ్గర ఎప్పుడూ ఎవరో ఒక పెద్దమనిషి కట్టెలు ఎగదోస్తూ ఉండేవారు. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో నిప్పు లేని నిప్పు బాత్‌రూమ్‌లోకి వచ్చింది, ఇంట్లో మనుషులు తగ్గారు. సాక్ష్యం చెప్పేవాళ్లు ఈ రెండో సంగతి దాటేస్తారు.

కనబడే ప్రమాదమే కాపలాకు లొంగదంటే, కనబడనిదాని మాట చెప్పాలా? మూసిన బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. ఏ తల్లి కళ్లు దాన్ని పట్టుకుంటాయి? గీజర్‌ను బాత్‌రూమ్ బయట గాలి ఆడేచోట పెట్టడం ఒక్కటే దారి.

కావలసినవి పెద్ద పనులు కావు. బాత్‌రూమ్ తలుపుకి బయటినుంచి, పెద్దవాళ్ల భుజం ఎత్తున ఒక గడియ. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు. రాడ్ వాడక తప్పకపోతే మూసిన తలుపు వెనక, స్విచ్ ఆపి ప్లగ్ తీశాకే నీళ్ల మీద చెయ్యి. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంటే అసలు రాడ్ మానెయ్యమనే నేనంటాను. ఇంత చేశాక కూడా ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కింద చన్నీళ్లు ధారగా పొయ్యాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏవీ వద్దు. తర్వాత ఆస్పత్రి.

ఇక భోగి. తెల్లవారుజామునే ఊళ్లల్లో బాయిలర్లు రాజుకుంటాయి, ఇంటినిండా చుట్టాలు, తలంట్ల హడావిడి. నిప్పు ఎరగని పట్నం పిల్లలు పెరటి నిండా తిరుగుతారు. పిల్లల్ని ఇంకెవరో చూస్తున్నారని అందరూ అనుకునే రోజు అదే. కట్టెలు ఆరిపోయాక కూడా బూడిద కింద నిప్పులు గంటల తరబడి ఉంటాయి, చెప్పుల్లేని చిన్న పాదాలు వాటిలోనే పడతాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు సంచి దించగానే పెరట్లోకి వెళ్లండి. బాయిలర్ చుట్టూ నాలుగు గుంజలు పాతి తడిక కట్టించండి, బూడిద మీద నీళ్లు పోయించండి. కట్టెలు రాజెయ్యడానికి కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన కిరసనాయిలో, డీజిలో అక్కడ కనిపిస్తే ముందు దాన్ని తీయించండి. దాహం వేసిన పిల్లకు అది కూల్‌డ్రింకే.