కక్కు కొట్టిన చేతికి బడి ఏది?

2007లో మన రాష్ట్రంలో వచ్చిన ముస్లిం రిజర్వేషన్ చట్టంలోని జాబితాను ఒకసారి తీరిగ్గా చదవండి. విద్యలో, ఉద్యోగాల్లో 4 శాతం కోటాకు అర్హమైన 14 వర్గాల పేర్లు అందులో ఉన్నాయి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, గారడీ ముస్లింలు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజాములు, ఖురేషీలు, తురకకాశలు. ఈ తురకకాశలకే తిరుగటిగంట్ల అనీ, రోళ్ళకు కక్కు కొట్టేవారు అనీ మారుపేర్లున్నాయి. వీటిలో అత్యధికం వృత్తుల పేర్లే. తిరుగలి అరిగినా, రుబ్బురోలు నున్నబడినా వీధి వీధీ తిరిగి ఉలితో గంట్లు వేసి రాతికి మళ్ళీ పదును పెట్టిన మనుషులు వీరు. ఇంటింటికీ మిక్సీ, గ్రైండరు వచ్చిన నాడు ఆ కేక వీధుల్లో ఆగిపోయింది. బీసీ-బి జాబితాలో ఉన్న దూదేకుల, నూర్‌బాషా సోదరుల కథ కూడా ఇదే. ఏకుడు యంత్రం, ఆపైన ఫోమ్ పరుపు వారి వింటిని మూలన పడేశాయి.

ఆ చట్టం ఎంతో పోరాటం తరువాత నిలిచింది. అంతకు ముందరి 5 శాతం ప్రయత్నాలను హైకోర్టు కొట్టివేసింది. ఈ 4 శాతం 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల నీడలో కొనసాగుతోంది. దాని వల్ల వేలాది పిల్లలు ఇంజనీర్లయ్యారు, ఉపాధ్యాయులయ్యారు. దాన్ని కాపాడుకోవడం మన మొదటి కర్తవ్యం. అయితే ఒక ప్రశ్నను మనం ఇంతవరకూ గట్టిగా అడగలేదు. కొడుక్కి కాలేజీ సీటు దొరికింది, సరే. నలభై ఏళ్ళ వయసులో వృత్తి పోగొట్టుకున్న తండ్రికి మళ్ళీ నేర్పే బాధ్యత ఎవరిది?

ఇది గతించిన వృత్తుల గురించిన విలాపం కాదు. నేడు మన కళ్ళ ముందు చనిపోతున్న వృత్తుల మాట. రాజమహేంద్రవరంలో మా వీధి చివర ద్విచక్ర వాహనాల మెకానిక్ ఒకరున్నారు. ఊరంతా ఆయన్ను భాయ్ అనే పిలుస్తుంది. బండి వీధి మలుపు తిరగకముందే శబ్దం విని లోపం కార్బురేటర్‌లోనా, వాల్వులోనా అన్నది చెప్పగలరు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణాల బండ్లే అమ్మాలన్న నిబంధన వచ్చింది. కార్బురేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్, సెన్సర్లు వచ్చాయి. లోపం తెలియాలంటే చెవి చాలదు, స్కానర్ తగిలించి తెర మీది సంకేతాన్ని చదవాలి. ఇప్పుడు విద్యుత్ బండ్లు వస్తున్నాయి, వాటికి ఇంజిన్ శబ్దమే లేదు.

భాయ్ నేర్చుకోనన్నారా? లేదు. ఒక శిక్షణ కేంద్రానికి ఆయన వెంట నేనే వెళ్ళాను. పదో తరగతి సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. "ఇరవై ఏడేళ్ళుగా ఇంజిన్లు విప్పుతున్నాను బాబూ, కావాలంటే ఇక్కడే పరీక్ష పెట్టండి" అన్నారాయన. బల్ల వెనుక కుర్రవాడు మర్యాదగానే జవాబిచ్చాడు: "మీ అబ్బాయి ఉంటే పంపించండి భాయ్." మన నైపుణ్య విధానం మొత్తాన్నీ ఇంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు.

గోదావరి డెల్టా చదువుకు కొత్తది కాదు. 1874లోనే ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికలకు బడి పెట్టిన నేల ఇది. కాకినాడలో జేఎన్‌టీయూ, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో నిట్ ఉన్నాయి. 2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం తొలి సంతకాల్లో ఒకటి నైపుణ్య గణన మీద పెట్టింది. రాష్ట్రం 'జ్ఞాన ఆర్థిక వ్యవస్థ' వైపు నడుస్తోందని ప్రతి వేదిక మీదా వింటున్నాం. ఆ జ్ఞానం ఎవరిది అన్నదే మన ప్రశ్న. ఇంజిన్ చప్పుడును చదవగల చెవికి, గుడ్డ మడత చూసి కొలత చెప్పగల దర్జీ కంటికి ఉన్నది జ్ఞానం కాదా? కాగితం లేని జ్ఞానాన్ని అజ్ఞానంగా లెక్కించే వ్యవస్థను జ్ఞాన వ్యవస్థ అనడం ఎలా?

ఈ పదో తరగతి గీత కొత్తగా మనం కనిపెట్టింది కాదు. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదికే దాన్ని వేలెత్తి చూపింది. ఐటీఐ ప్రవేశార్హతను 8వ తరగతికి తగ్గించాలని, మదరసాలో చదివినవారికీ ఆ తలుపు తెరవాలని సిఫార్సు చేసింది. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడికి వెళ్ళనివారో, మధ్యలో మానినవారో అని ఆ నివేదికే లెక్క చెప్పింది. నాటి పిల్లలే నేటి కార్మికులు. ఈనాటికీ ఐటీఐలో వెల్డర్ వంటి కొన్ని కోర్సులు 8వ తరగతితో దొరుకుతున్నా, మోటారు మెకానిక్, ఎలక్ట్రీషియన్ కోర్సులకు పదో తరగతి తప్పనిసరి. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళే మన డెల్టా ఆడపడుచుల పాస్‌పోర్టు మీద పడే ప్రత్యేక తనిఖీ ముద్రకు కూడా ఆ పదో తరగతే గీత. ఒకే కాగితం లేకపోవడం మనిషిని ఊళ్ళోనూ ఆపుతుంది, విమానాశ్రయంలోనూ ఆపుతుంది.

ఇక కేంద్రం సంగతి. 2020 జాతీయ విద్యావిధానం వయోజన విద్యకు, జీవితకాల అభ్యసనానికి ఒక అధ్యాయమే కేటాయించింది. మాట గొప్పది. దాని అమలుకు వచ్చిన 2022-27 నవభారత సాక్షరతా కార్యక్రమానికి ఐదేళ్ళ మొత్తం 1,037.90 కోట్ల రూపాయలు. లక్ష్యం 5 కోట్ల మంది. భాగించి చూడండి: తలకు సుమారు 208 రూపాయలు. బోధించేవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. ఒక దర్జీ కత్తెర కూడా రాని డబ్బుతో ఒక మనిషి జీవితాన్ని మలుపు తిప్పుతామంటున్నారు.

బడి మానినవారికి చదువును, పనిని కలిపి నేర్పే 'నయీ మంజిల్' 2015లో వచ్చింది. ఆలోచన మంచిదే, కానీ వయసు 17 నుంచి 35. అంటే వృత్తి కూలడం మొదలయ్యే వయసుకు పథకం ముగుస్తుంది. తరువాత దాన్నీ మరో నాలుగు పథకాలనూ కలిపి పీఎం వికాస్ అన్న ఒక్క గొడుగు కింద పెట్టారు. 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతుల మైనారిటీ విద్యార్థుల కేంద్ర ఉపకార వేతనాన్ని ఆపేశారు. ఎనిమిదో తరగతి దాకా చేయూత తీసేసి, పదో తరగతి కాగితం లేదని గుమ్మంలో నిలబెట్టడం ఏ న్యాయం?

2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ వచ్చింది. 18 వృత్తుల వారికి రోజుకు 500 రూపాయల భత్యంతో శిక్షణ, 15,000 రూపాయల పనిముట్లు, రెండు విడతల్లో 3 లక్షల వరకు అప్పు. దర్జీ, మంగలి, చాకలి, రాతిపని వారు అందులో ఉన్నారు. మనవారు తప్పక దరఖాస్తు చేసుకోవాలి. కానీ దూది ఏకేవారు లేరు, అత్తరు చేసేవారు లేరు, మాంసం కొట్టే ఖురేషీలు లేరు. మోటారు మెకానిక్ మొదలే లేరు.

డెల్టాకు మరో శాపం, మనం చెదురుగా ఉండటం. 2013లో సవరించిన బహుళరంగ అభివృద్ధి కార్యక్రమం మైనారిటీలు కనీసం 25 శాతం ఉన్న బ్లాకులను ఎంచుకుంది. భీమవరంలో నాలుగు వీధులు, అమలాపురంలో రెండు సందులు, పల్లెకు పది గడపలుగా ఉన్న మనం ఆ కొలతకు ఎన్నటికీ అందం. మంది తక్కువైతే కష్టం తక్కువవుతుందా?

"ప్రతిదానికీ ముస్లింలకు వేరే పథకమా?" అని కొందరు అడుగుతారు. మనం వేరే తలుపు అడగడం లేదు; ఉన్న తలుపును పెద్దవాళ్ళకూ తెరవమంటున్నాం. అది తెరుచుకుంటే నరసాపురం లేసు అల్లే క్రైస్తవ చెల్లెలు, ఉప్పాడ చేనేత అన్న కూడా లోపలికి వస్తారు. "ఫోన్లో అన్నీ ఉన్నాయి, చూసి నేర్చుకోవచ్చు" అని మరికొందరు. వీడియో చూసి నేర్చుకున్న పనికి బ్యాంకు అప్పిస్తుందా, కంపెనీ సర్వీసు కేంద్రం ఉద్యోగమిస్తుందా? పైగా రోజు కూలి పోగొట్టుకుని నేర్చుకునే స్తోమత ఎవరికుంది? పెద్దలకు చదువు ఎక్కదన్న మాటను నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ముప్పై ఏళ్ళ క్రితమే అబద్ధం చేశారు. అక్షరాలు దిద్దిన చేతులే సారా దుకాణాలను మూయించాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1982లో పుట్టిన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటర్ లేనివారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. డిగ్రీకి చెల్లిన సూత్రం స్కానర్ వాడకానికి చెల్లదా?

ఇప్పుడు మన ఇంటి మాట. ప్రభుత్వాన్ని నిలదీసే నోరు మనల్ని మనం నిలదీసుకోవాలి. పెళ్ళిళ్ళకు షాదీఖానాలు అడిగినంత పట్టుదలగా మనం ఒక్క రాత్రి బడి అడిగామా? బద్ర్ ఖైదీల్లో చదువు వచ్చినవారికి పదేసి మందికి అక్షరాలు నేర్పడమే విడుదల మూల్యమైందన్న చరిత్రను జల్సాల్లో గర్వంగా చెబుతాం. ఇషా నమాజు కాగానే మస్జిదు తాళం వేసి ఇంటికి పోతాం. మన ఇంజనీరు బిడ్డలు వారానికి రెండు సాయంత్రాలు మెకానిక్ బాబాయికి కంప్యూటర్ తెర చదవడం నేర్పలేరా? జకాత్‌లో కొంత, నేర్చుకునే నెలల్లో కూలి కోల్పోయే పేద కుటుంబానికి తిండి ఖర్చుగా చేరలేదా? ఇంట్లో కుట్టుమిషన్ ముందు బతుకు వెళ్ళదీసే అక్కాచెల్లెళ్ళను ఆ బడికి పంపడానికి మన మగవారు సిద్ధమేనా?

ప్రభుత్వం ముందు మన కోర్కెలు సూటిగా పెడదాం. సచార్ సిఫార్సు ప్రకారం మోటారు, విద్యుత్ కోర్సుల అర్హతను 8వ తరగతికి దించండి. అదీ లేనివారికి పని చేయించి చూసి, ఉన్న నైపుణ్యానికి ధ్రువపత్రం ఇవ్వండి. 35 ఏళ్ళ గీతను చెరపండి. డెల్టా జిల్లాల ప్రతి ఐటీఐలో సాయంత్రం తరగతులు తెలుగులో, అవసరమైనచోట ఉర్దూలో పెట్టండి. శిక్షణ రోజులకు కూలి చెల్లించండి. నైపుణ్య గణనలో సర్టిఫికెట్ గడి పక్కన "చేతికి వచ్చిన పని" అన్న గడిని చేర్చండి.

గణన సిబ్బంది మీ గుమ్మానికి వచ్చిన రోజున కొడుకు డిగ్రీతో ఆగకండి. తండ్రి వృత్తి, తల్లి కుట్టుపని కూడా రాయించండి. రాయకపోతే రాసేదాకా పంపకండి. మన తాతల వృత్తులు రిజర్వేషన్ జాబితాలో పేర్లుగా మాత్రమే మిగిలాయి. మన వృత్తులైనా అక్కడికి చేరకముందే బడిలో కూర్చుందాం.