పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే సరిపోతుందా? బడి లెక్కలు అడిగే హక్కూ మీదే!

మీ పిల్లలు ప్రభుత్వ బడిలో చదువుతున్నారా? పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు తెలుసుకోవడంతోనే మీ పాత్ర అయిపోదు. విద్యాహక్కు చట్టం-2009లోని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ, అంటే ఎస్‌ఎంసీ ఉండాలి. సభ్యుల్లో కనీసం 75 శాతం తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. సగం మంది మహిళలు. ప్రైవేటు అన్‌ఎయిడెడ్ స్కూళ్లకు మాత్రం ఇది వర్తించదు.

కమిటీ ఏం చేస్తుంది?
బడి పనితీరును పర్యవేక్షిస్తుంది. అభివృద్ధి ప్రణాళిక రూపొందిస్తుంది. గ్రాంట్లు దేనికి ఖర్చయ్యాయో చూస్తుంది. మరుగుదొడ్లలో నీళ్లు లేకపోయినా, టీచర్ సమయానికి రాకపోయినా ఇక్కడ నిలదీయొచ్చు. సభ్యులు సంతకాలకే పరిమితమైతే మాత్రం ఈ అధికారం ఉన్నా లేనట్టే.

మీరేం చేయాలి?
కమిటీలో ఎవరున్నారు, చివరిసారి ఎప్పుడు సమావేశమయ్యారు? ఈ రెండు ప్రశ్నలూ హెడ్‌మాస్టర్‌ను అడగండి. ఎన్నిక జరిగే రోజు తప్పకుండా వెళ్లండి.