జర్మన్‌కు ఇంగ్లీషు మీదుగానే వెళ్ళాలా?

ఇంగ్లీషులోని ‘గెట్’ అనే క్రియ చేయని పని లేదు. ఉత్తరం వస్తే గెట్. బస్సు ఎక్కితే గెట్ ఆన్, దిగితే గెట్ ఆఫ్, నిద్ర లేస్తే గెట్ అప్. తడిస్తే గెట్ వెట్, ముసలితనం వస్తే గెట్ ఓల్డ్. వారికది సౌకర్యమే. కాని జర్మన్‌లోనికి తేబోతే ఈ క్రియ ఒక్క మాటగా నిలవదు. పొందితే బెకొమ్మెన్, అయితే వేర్డెన్, వెళ్ళి తెస్తే హోలెన్, ఎక్కితే ఐన్‌ష్టైగెన్, దిగితే ఔస్‌ష్టైగెన్, లేస్తే ఔఫ్‌ష్టేయెన్.

పై వాక్యాన్ని చదువరులు మరొక్కమారు చూడగోరుతాను. ఆ జర్మన్ క్రియలను వేరుచేసి చూపడానికి పొందు, అగు, తెచ్చు, ఎక్కు, దిగు, లేచు అనే మన ధాతువులే చాలినవి. ఇంగ్లీషు కలిపివేసిన దానిని తెలుగూ జర్మనూ విడివిడిగానే ఉంచుకున్నాయి. అలాంటప్పుడు తెలుగు పిల్లలకు జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్పడం దేనికి?

ఇది పండితుల కాలక్షేపపు ప్రశ్న కాదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మొదలుకొని ప్రైవేటు శిక్షణ కేంద్రాల వరకు నర్సులకు జర్మన్ నేర్పించి అక్కడికి పంపుతున్నవారు ఉన్నారు. అక్కడ నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా బి2 స్థాయి భాషా పరీక్ష గట్టెక్కాలి. మా ఎంకపల్లి అమ్మాయి ఒకతె ఇందుకోసమే మెహిదీపట్నం బస్సెక్కి నగరానికి పోయి వస్తున్నది. ఒకనాడు ఆమె నోటుపుస్తకం చూశాను. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు జర్మన్, తెలుగు ముక్క లేదు. ‘గెట్’కు ఎదురుగా బెకొమ్మెన్ అని ఒకటే మాట. “మరి జబ్బు పడితే ఏమంటవమ్మా?” అని అడిగితే, “గెట్ సిక్ కద సార్, ఇష్ బెకొమ్మె క్రాంక్ అంట” అన్నది. అనవలసింది ‘ఇష్ వేర్డె క్రాంక్’. పైగా బెకొమ్మెన్ అనే మాట చెవికి ఇంగ్లీషు ‘బికమ్’ వలె వినబడి పొరపాటును మరింత గట్టిపరుస్తుంది. ‘జబ్బు పడుట’ నుండి బయలుదేరి ఉంటే బెకొమ్మెన్ దారిలో ఎదురయ్యేదే కాదు.

ఇంతకంటె ముఖ్యమైనది శరీరానుభవం చెప్పే పద్ధతి. మనం ‘నేను చలిగా ఉన్నాను’ అనము, ‘నాకు చలిగా ఉన్నది’ అంటాము. జర్మనులూ అంతే: ‘మియర్ ఇస్ట్ కాల్ట్’. మియర్ అంటే నాకు. (మన వ్యాకరణాలు ‘కు’ను షష్ఠిలో చేర్చాయి, వారిది చతుర్థి. పేరు ఏదైతేనేమి, పని ఒకటే.) ఇంగ్లీషును అనుసరించి ‘ఇష్ బిన్ కాల్ట్’ అంటే మనసు చల్లబడిన మనిషినని చెప్పుకున్నట్లవుతుంది. వికారంగా ఉంటే ‘మియర్ ఇస్ట్ ఊబెల్’, కళ్ళు తిరిగితే ‘మియర్ ఇస్ట్ ష్విండ్లిష్’, నయమవుతూ ఉంటే ‘ఎస్ గేట్ మియర్ బెస్సెర్’. ఈ చివరిదే ఇంగ్లీషులో ‘గెటింగ్ బెటర్’. రోగి మంచం పక్కన రాత్రింబగళ్ళు వినబడే మాటలివే. కారణం చెప్పే ఉపవాక్యంలోనైతే క్రియ కూడా మన వాక్యంలో వలెనే చివరికి చేరుతుంది: ‘వైల్ మియర్ ష్విండ్లిష్ ఇస్ట్’, నాకు కళ్ళు తిరుగుతున్నందున.

ఇక మన ‘కొను’ సంగతి. ఆత్మార్థంలో అనుప్రయుక్తమయ్యే ఈ ధాతువు చేసే పనిని చాలాచోట్ల జర్మన్‌లో ‘జిష్’ అనే మాట చేస్తుంది. కడుగు వాషెన్, కడుగుకొను జిష్ వాషెన్. దువ్వు కెమ్మెన్, దువ్వుకొను జిష్ కెమ్మెన్. ముసలి రోగి తానే కడుగుకోగలడా, నర్సు కడగాలా అన్న తేడా ఆసుపత్రి కాగితంలో చిన్నది కాదు.

అన్నీ కలిసివస్తాయని నేననను. జర్మన్ నామవాచకాల మూడు లింగాలను బట్టీ పట్టవలసిందే. అయితే అక్కడ ‘అమ్మాయి’ అనే మాట నపుంసకమని మార్క్ ట్వేన్ 1880లో ఎంతో పరిహాసం చేశాడు. ‘అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది’ అని ఒకే క్రియారూపం వాడే మనకు అందులో వింత ఏమున్నది!

మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలోనే చదివారు గదా అంటారు. చదివారు. కాని కడుపులో తిప్పడం, ఒళ్ళు జలదరించడం, నడుము పట్టేయడం ఎవరూ ఇంగ్లీషు మీడియంలో నేర్చుకోరు.

దారి కొత్తదేమీ కాదు. బెంజమిన్ షుల్ట్‌జ్ అనే జర్మన్ మతబోధకుడు 1728 నాటికే తెలుగుకు లాటిన్‌లో వ్యాకరణం వ్రాశాడు. 1740ల నాటికి జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు అక్షరాలు అచ్చుకెక్కాయి. నడుమ ఇంగ్లీషు ప్రసక్తి లేదు. షుల్ట్‌జ్ వ్యాకరణం 1984లో గాని అచ్చు కాలేదన్నది వేరే విచారం.

తెలుగు పండితుడొకరు, జర్మన్ బోధకుడొకరు, అక్కడ పనిచేసి వచ్చిన నర్సు ఒకరు కూర్చుంటే నూరు పుటల తెలుగు–జర్మన్ వాచకం ఒక వేసవి సెలవుల పని. మొదటి పాఠం ‘నా పేరు ఫలానా’ అని కాక ‘నాకు చలిగా ఉన్నది’ అని మొదలుపెట్టాలి.